ఓవెన్ తలుపు హింజ్ విరిగిందా? ఇంట్లోనే మార్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

మా ఓవెన్ తలుపుకు రెండు నెలలు బియ్యం బస్తా కాపలా కాసింది. నిజమే చెప్తున్నా. తలుపు పైభాగం వేలెడు సందుతో తెరుచుకునే ఉండేది. కేకు పెట్టిన ప్రతిసారీ స్టూల్ తెచ్చి తలుపుకు ఆనించి, దాని మీద పది కిలోల సోనామసూరి బస్తా ఎక్కించేదాన్ని. అయినా కేకు వెనకవైపు మాడి, ముందువైపు పచ్చిగానే వచ్చేది. ఊరి నుంచి వచ్చిన అత్తయ్య అది చూసి, "ఏమ్మా, పొయ్యికి దిష్టి తగలకుండా పెట్టావా?" అన్నారు. ఇక లాభం లేదని రిపేరుకు పిలిచాను. వచ్చినబ్బాయి తలుపు ఒకసారి తెరిచి మూసి, "డోర్ మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడు. అతను చెప్పిన రేటు కొత్త ఓవెన్ ధరలో దాదాపు సగం! విరిగింది మాత్రం జానెడు ఇనప ముక్క.

ఆ ముక్క నేనే మార్చాను. పని ముక్కాల్ గంట. ముక్క దొరకడానికి పది రోజులు. బెంగళూరులో ఉంటూ ఇదే తలనొప్పి పడుతున్నవాళ్లు ఒకరిద్దరు ఎలా చేశావని అడిగారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మామూలు తలుపులకైతే మడతబందు అంటాం. ఓవెన్‌ది అలాంటిది కాదు. దీనిలో బలమైన స్ప్రింగ్ ఉంటుంది. తలుపు కింది భాగంలో, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, గాజుల పక్కన దాక్కుని ఉంటాయి. దాని నుంచి కొక్కెంలాంటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఓవెన్ ఒంట్లో ఉన్న సన్నని గాడిలో కూర్చుంటుంది. తలుపును మూసి బిగించేదీ, తెరిచినప్పుడు దభాలున పడకుండా పట్టేదీ ఈ స్ప్రింగే. అందుకే షాపులోనూ, మెకానిక్ దగ్గరా "హింజ్" అనే అడగండి. మడతబందు అంటే బీరువాది ఇస్తారు.

తప్పు హింజ్‌దేనా? ముందు అది తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే డబ్బు దండగ. మా పక్క ఫ్లాట్ నెల్లూరు అక్క వాళ్ల తలుపూ మాదానిలాగే మూసుకునేది కాదు. మొబైల్ టార్చ్ వేసి చూస్తే గాడిలో క్యారమెల్ పాకం కారి రాయిలా గట్టిపడి ఉంది. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను పుల్లకు చుట్టి, నానబెట్టి తీసేశాం. తలుపు బుద్ధిగా మూసుకుంది. పైసా ఖర్చు కాలేదు.

ఓవెన్ పూర్తిగా చల్లారాక ఈ పరీక్షలు చేయండి. పాత న్యూస్ పేపర్‌ను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపండి. పట్టీ సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి, మెల్లగా లాగండి. పట్టినట్టు అనిపిస్తే అక్కడ బిగింపు బాగున్నట్టు. ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేస్తే వేడి అక్కడి నుంచే పోతోంది. పైన రెండు మూలలు, పక్కలు, మధ్యలో అన్నిచోట్లా చూడండి. కొన్ని ఓవెన్లలో గ్యాస్కెట్ (తలుపు మూసినప్పుడు సందు లేకుండా పట్టే మెత్తటి పట్టీ) మూడు వైపులే ఉంటుంది, కింద ఉండదు. అలాంటివాటిలో కింద కాగితం వదులుగా వచ్చినా కంగారు అక్కర్లేదు.

తర్వాత తలుపును సగం దాకా తెరిచి, కింద చెయ్యి ఆసరాగా ఉంచి వదలండి. స్ప్రింగ్ బాగుంటే తలుపు అక్కడే ఆగుతుంది, లేదా నెమ్మదిగా దిగుతుంది. రాయిలా పడితే స్ప్రింగ్ పోయినట్టే. ఆ చెయ్యి తీయకండి, తలుపు బరువు పది కిలోల పైనే ఉండొచ్చు.

మూడోది కంటితో చూసేది. రెండడుగులు వెనక్కి వెళ్లి హ్యాండిల్ గీతనూ దానిపైన నాబ్‌లు ఉండే ప్యానెల్ గీతనూ కలిపి చూడండి. ఒకవైపు వాలిందంటే ఆ వైపు హింజ్ మీద అనుమానం. మాది ఎడమవైపు చిటికెన వేలంత దిగి ఉంది. తెరుస్తుంటే ఆ పక్క నుంచే కరకరమని చప్పుడు కూడా.

ఇవి కాక ఇంకో రెండు ఉన్నాయి. గ్యాస్కెట్ మెలికపడి లోపలికి ముడుచుకుపోయినా తలుపు సరిగా మూసుకోదు. గోడ కప్‌బోర్డులో బిగించిన బిల్ట్-ఇన్ ఓవెన్‌ను పక్కల స్క్రూలతో చెక్కకు పట్టిస్తారు. తలుపు తెరిస్తే ఆ స్క్రూలు కనిపిస్తాయి. అవి వదులైతే ఓవెనే ముందుకు వంగి, తలుపు వంకర అన్నట్టు కనిపిస్తుంది. స్క్రూ డ్రైవర్ పెట్టి ఒకసారి తిప్పి చూడండి.

పార్ట్ వెతకడం

అసలు కష్టం ఇక్కడే. హింజ్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఒక్కటీ ఇంకోదానికి పట్టదు. కొక్కెం పొడవు, దాని మీద గాటు ఉన్న చోటు, స్ప్రింగ్ బలం అన్నీ మోడల్‌ను బట్టి మారతాయి. ఎక్కువ గాజులున్న బరువైన తలుపుకు బలమైన స్ప్రింగ్ వేస్తారు. బలహీనమైనది పెడితే తలుపు పడిపోతుంది. మరీ బలమైనది పెడితే దానంతటదే మీ చేతి మీద మూసుకుంటుంది.

అందుకని ముందు మోడల్ నంబర్ తీసుకోండి. తలుపు తెరిస్తే ఫ్రేమ్ అంచు మీదో, పక్కనో చిన్న రేటింగ్ ప్లేట్ ఉంటుంది. బాష్, సీమెన్స్ ఓవెన్లలో "ఈ-నంబర్" అని రాసి ఉండేది అదే. ఫోన్‌లో ఫోటో తీయండి. చేత్తో రాసుకుంటే సున్నా, ఓ అక్షరం కలిసిపోతాయి. విరిగిన హింజ్ మీద కూడా నంబర్ చెక్కి ఉండొచ్చు, కానీ అది తలుపు విప్పితేగానీ కనిపించదు. మోడల్ నంబర్‌తో కంపెనీ స్పేర్ పార్ట్ విభాగానికి ఫోన్ చేసి పార్ట్ నంబర్ అడగండి. అక్కడ కూడా "డోర్ మారుద్దాం" అంటే, హింజ్ పార్ట్ నంబర్ మాత్రం చెప్పమని పట్టుబట్టండి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం మీరు విప్పకండి, వాళ్లచేతే చేయించుకోండి.

నాకు కంపెనీ నుంచి రావడానికి మూడు వారాలన్నారు. ఓపిక లేక ఎస్పీ రోడ్డు పట్టాను. టౌన్ హాల్ పక్కన, జేసీ రోడ్డును ఆనుకుని ఉన్న ఈ సందుల్లో వైరు ముక్క నుంచి కంప్యూటర్ దాకా దొరకనిది లేదు. మెట్రోలో వెళ్లడం సుఖం. కారు తీసుకెళితే పార్కింగ్ కోసమే ఒక పూట పోతుంది. మొదటి మూడు షాపుల్లో తల అడ్డంగా ఊపారు. నాలుగో షాపాయన ఫోటో చూసి లోపలికెళ్లి తెచ్చాడు. ఒకటి చాలన్నాను. "ఒందు బేడ మేడమ్, జోడి తగొళ్ళి" (ఒకటి వద్దు, జత తీసుకోండి) అన్నాడు. అమ్ముకోవడానికే అంటున్నాడనుకున్నా. కాదు, ఆయన మాటే రైటు. ఒకవైపు కొత్త స్ప్రింగ్, ఇంకోవైపు ఏళ్ల తరబడి అలిసిన స్ప్రింగ్ ఉంటే తలుపు మళ్లీ మెలిపడుతుంది. రెండూ కలిపి మార్చండి. జతలో కుడి, ఎడమ వేరువేరుగా ఉండొచ్చు. ఏది ఎటో షాపులోనే అడిగి మార్కర్‌తో రాయించుకోండి.

షాపులో ఇంకో పని కూడా చేయించుకోండి. కొత్త హింజ్ చాలాసార్లు మూసిన స్థితిలో వస్తుంది. చెయ్యి ముడుచుకుని ఉంటుంది, దాన్ని తెరవాలంటే స్ప్రింగ్‌తో కుస్తీ పట్టాలి. మా షాపాయన దాన్ని బల్లకున్న బెంచ్ వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టే ఇనప దవడల్లో) బిగించాడు. ఒక పైపు ముక్కను చెయ్యికి తొడిగి, ఒళ్లంతా బరువేసి వంచాడు. తెరిచిన చెయ్యి మళ్లీ ముడుచుకోకుండా పట్టే లాక్ క్లిప్ తిప్పాడు. టక్ అంది. ఇంట్లో వైస్ లేనివాళ్లు ఈ పనికి దిగొద్దు. అలా లాక్ పడిన హింజ్‌ను సంచీలో వేసేటప్పుడు గట్టి అట్టలో చుట్టండి, ఆటోలో కుదుపుకు క్లిప్ జారకుండా.

పనికి కూర్చునే ముందు

కావలసినవి ఎక్కువేం లేవు: స్టార్ స్క్రూ డ్రైవర్, ఆరు మొనల టార్క్స్ బిట్ల సెట్, చదునుగా ఉండే చిన్న స్క్రూ డ్రైవర్, మందపాటి గ్లౌజులు, ఒక పాత దుప్పటి, స్క్రూలు వేసుకోవడానికి గిన్నె. యూరప్ కంపెనీల ఓవెన్లలో టార్క్స్ స్క్రూలు ఎక్కువ, మామూలు డ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది.

ఓవెన్ పూర్తిగా చల్లారాలి. మెయిన్ స్విచ్ తీసి, ప్లగ్ చేతికి అందితే అది కూడా లాగండి. బిల్ట్-ఇన్ వాటికి ప్లగ్ వెనకాల ఉంటుంది కాబట్టి బోర్డులో ఓవెన్ ఎంసీబీ (ఆ లైన్‌కు కరెంటు ఆపే స్విచ్) దించండి. హింజ్‌లో కరెంటు ఏమీ ఉండదు. కానీ స్క్రూ జారి ఎక్కడ పడుతుందో తెలియదు. బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటు పోయింది కదా, ఇదే అదనని స్విచ్ తీయకుండా మొదలుపెట్టేరు. మన అపార్ట్‌మెంట్ జనరేటర్ ఎప్పుడు అందుకుంటుందో ఎవరు చూడొచ్చారు! కింద ఓవెన్, పైన గ్యాస్ బర్నర్లు కలిసి ఉన్న రకమైతే సిలిండర్ రెగ్యులేటర్ కూడా ఆపేయండి.

పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. ఒక మనిషి తోడు మాత్రం కావాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మావారిది. టార్చ్ పట్టుకుని, "నువ్వు జాగ్రత్త" అని ప్రతి రెండు నిమిషాలకోసారి అంటూ నిలబడ్డారు.

తలుపు ఊడదీయడం

మొత్తం పనిలో భయపడవలసింది ఇక్కడే. కరెంటుకు కాదు, స్ప్రింగ్‌కు. లాక్ వేయకుండా తలుపు లాగితే కొక్కెం గాడిలోంచి వస్తూనే ఎలుకల బోనులా మూసుకుంటుంది. మధ్యలో వేలుంటే ఎముక విరగొచ్చు.

తలుపును పూర్తిగా, నేలకు సమాంతరంగా వచ్చేదాకా తెరవండి. కింది రెండు మూలల్లో, తలుపూ ఓవెనూ కలిసేచోట చిన్న ఇనప లివర్లు కనిపిస్తాయి. మోడల్‌ను బట్టి అవి పైకో, కిందికో తిరుగుతాయి. ఇప్పుడున్న వైపు నుంచి రెండో వైపుకు, ఇక తిరగదు అనేదాకా తిప్పాలి. వేలితో రాకపోతే చదును స్క్రూ డ్రైవర్ ఆనించి తిప్పండి. కొన్ని ఓవెన్లలో లివర్ ఉండదు. హింజ్ చెయ్యి మీద చిన్న రంధ్రం ఉంటుంది. దానిలో సరిపోయే గట్టి మేకో, పిన్నో దూర్చడమే లాక్. మీ మాన్యువల్లో బొమ్మ ఉంటుంది, ఒకసారి చూడండి.

రెండు వైపులా లాక్ పడిందా అని రెండుసార్లు చూసుకోండి. నేను ఒకసారే చూశాను. ఎడమవైపు హింజ్ ఎలాగూ విరిగిందే కదా, దాని లివర్ సగం తిరిగి ఆగినా పట్టించుకోలేదు. తలుపు పైకెత్తగానే ఠప్‌మని చప్పుడు. నా చెయ్యి హ్యాండిల్ దగ్గర ఉంది కాబట్టి బతికిపోయాను. ఓవెన్ ఫ్రేము మీద కొక్కెం కొట్టినచోట ఎనామిల్ లేచిపోయి బియ్యపు గింజంత నల్ల మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా నా బొటనవేలు దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటుంది. స్ప్రింగ్ తెగినా హింజ్‌లో బలం పూర్తిగా పోకపోవచ్చు, విరిగినదాన్నీ బతికున్నదానిలాగే చూడాలి.

లాక్ పడ్డాక తలుపును మెల్లగా మూయండి. కొంత దూరం వచ్చి అదే ఆగిపోతుంది, లాక్ పడినట్టు గుర్తు అదే. బలవంతం చేయకండి. రెండు పక్కలా మధ్యలో పట్టుకోండి. హ్యాండిల్ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. కాస్త పైకి లేపి, అలాగే మీ వైపు లాగితే కొక్కేలు గాడుల్లోంచి వస్తాయి. నిండు బిందె ఎత్తినట్టు మోకాళ్లు వంచి ఎత్తండి. ఇద్దరైతే ఇంకా మంచిది.

దుప్పటిని రెండు మడతలు వేసి దాని మీద పడుకోబెట్టండి, హ్యాండిల్ వైపు కిందికి. హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి అది బల్ల అంచు దాటి బయటికి వేలాడేలా పెడితే తలుపు చదునుగా కూర్చుంటుంది. గ్రానైట్ గట్టు మీద, టైల్స్ మీద నేరుగా పెట్టకండి. ఓవెన్ గాజు టెంపర్డ్ రకం. మధ్యలో గుద్దినా తట్టుకోవచ్చు కానీ అంచుకు చిన్న దెబ్బ తగిలినా మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది.

విప్పి, హింజ్ మార్చి, మళ్లీ బిగించడం

తలుపు పై అంచున ఉండే పట్టీని తీయాలి. కొన్నిటికి పక్కల చిన్న బటన్లు ఉంటాయి, నొక్కి లాగితే వస్తుంది. కొన్నిటికి స్క్రూలుంటాయి. పట్టీ వచ్చాక లోపలి గాజు పైకి జారుతుంది. కొన్ని తలుపుల్లో రెండు గాజులు, కొన్నిటిలో మూడు, నాలుగు కూడా ఉంటాయి. ఒక్కొక్కటి తీసే ముందు ఫోటో తీయండి. గాజు మూలలో సన్నగా ముద్రించిన అక్షరాలుంటాయి. అవి ఎటు తిరిగి ఉన్నాయో, ఎడమ మూలనా, కుడి మూలనా ఫోటోలో పడాలి. కొన్ని గాజుల మీద వేడిని వెనక్కి తిప్పే పూత ఒకవైపే ఉంటుంది. తిరగేసి పెడితే బయటి గాజు బాగా వేడెక్కొచ్చు.

గాజులు తీశాక హింజ్‌లు కనిపిస్తాయి, ఒక్కోదానికి రెండు మూడు స్క్రూలు. కొన్ని తలుపుల్లో ఈ స్క్రూలు కింది అంచున బయటే ఉంటాయి, గాజు తీయనవసరమే లేదు. అందుకే ముందు తలుపు కింది అంచు చూడండి. ఒకవైపు హింజ్ పూర్తిగా మార్చాకే రెండోవైపుకు వెళ్లండి. రెండోది విప్పకుండా ఉంటే ఎలా ఉండాలో చూసుకోవడానికి నమూనా ఉంటుంది.

పాతది బయటికి వచ్చాక కొత్తదాని పక్కన పెట్టి పోల్చండి. మాదాంట్లో స్ప్రింగ్ కొస కొక్కెం తెగిపోయి, ఉంగరంలాంటి ముక్క కింద దొర్లుతోంది. నెలల తరబడి వినిపించిన కరకర దీనిదే. పొడవు, రంధ్రాలు, గాటు మూడూ కలిస్తేనే కొత్తది పెట్టండి. ఒక్కటి తేడా ఉన్నా తిరిగి షాపుకు వెళ్లాల్సిందే. సర్దుకుపోయే వస్తువు కాదిది. కొత్తది పెట్టేటప్పుడు లాక్ క్లిప్‌ను కదిలించకండి. స్క్రూలన్నీ ముందు చేత్తో సగం ఎక్కించి, తర్వాత ఒక్కొక్కటీ బిగించండి. ఒకటి పూర్తిగా బిగించేస్తే మిగతా రంధ్రాలు కలవవు.

చేతిలో ఉన్నప్పుడే గాజులు కడిగేయండి. ఇన్నేళ్ల నూనె మరక మధ్య గాజుకు ఎలా చేరిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. వంటసోడా ముద్ద పట్టించి, పది నిమిషాలాగి, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. స్టీల్ పీచు వద్దు, గీతలు పడతాయి. పూర్తిగా ఆరాకే బిగించండి, లేకపోతే మధ్యలో ఆవిరి పడుతుంది. హింజ్‌కు వంటనూనె గానీ, బండి తాళానికి కొట్టే స్ప్రే గానీ వేయకండి. వేడికి పొగ వచ్చి, వాసన కేకుకు పడుతుంది.

ఓవెన్ ఒంట్లో ఉన్న గాడులు కూడా చూడండి. అంచు అరిగి వంకరపోయి ఉంటే కొత్త హింజ్ అందులో కూర్చోదు. కొన్ని మోడళ్లలో ఆ గాడి ముక్క కూడా విడిగా దొరుకుతుంది.

తలుపు తిరిగి ఎక్కించడం

తీసినట్టే, కానీ వరస తిరగేసి. తలుపును ఆగిన కోణంలోనే పట్టుకుని, రెండు కొక్కేలనూ ఒకేసారి గాడుల్లోకి నెట్టండి. కొక్కెం మీది గాటు గాడి కింది అంచు మీద కూర్చోవాలి. మావారు టార్చ్‌తో ఎడమవైపు చూస్తూ "పడింది" అన్నారు, కుడివైపు పడలేదు. మళ్లీ లేపి పెట్టాం. రెండూ కూర్చున్నాయని తెలియడానికి తలుపును మెల్లగా పూర్తిగా తెరవండి. నేలకు సమాంతరంగా వచ్చి, రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు. ఒకవైపు ఎత్తుగా ఉంటే వెంటనే తీసి మళ్లీ పెట్టండి. అలా ఉండగా లివర్ తిప్పితే స్ప్రింగ్ చేతి మీదికి వస్తుంది.

అన్నీ బాగున్నాకే లివర్లను పాత స్థితికి తిప్పండి. మేకు పెట్టినవాళ్లు మేకు తీయండి. ఇప్పుడు తలుపు మూయండి. మూతపడే ముందు చివరి రెండు అంగుళాల్లో దానంతటదే లోపలికి లాక్కున్నట్టు ఉండాలి.

మళ్లీ కాగితం పట్టీలతో పరీక్ష. తర్వాత కరెంటు ఇచ్చి, లోపల ఏమీ పెట్టకుండా 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు వేడి చేయండి. పైమూలల దగ్గర అరచేతిని కాస్త దూరంగా పెట్టి చూడండి, ఒకవైపే వేడిగాలి తగలకూడదు. హింజ్ స్క్రూలు బయటే ఉన్న తలుపైతే, చల్లారాక వాటిని ఒకసారి తిప్పి చూసుకోండి.

ఓటీజీ ఉన్నవాళ్లకు

బల్ల మీద పెట్టుకునే చిన్న ఓటీజీల్లో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసినవి) ఇంత కథ లేదు, లాక్ లివర్లు కూడా ఉండవు. తలుపు కింద రెండు పిన్నులు, పక్కన ఒక సన్నని స్ప్రింగ్ ఉంటాయి. చాలావాటిలో ఆ స్ప్రింగ్ పక్క రేకు లోపల ఉంటుంది కాబట్టి బయటి డొప్ప స్క్రూలు విప్పాలి. డొప్ప తీస్తే హీటర్ వైర్లు, థర్మోస్టాట్ తగులుతాయి. అందుకే ఇక్కడ స్ప్రింగ్ కన్నా కరెంటుకే ఎక్కువ భయపడాలి. ప్లగ్ పీకి పక్కన పెట్టుకుని మరీ చేయండి. స్ప్రింగ్ కొసను ముక్కు ప్లయర్‌తో పట్టి కొక్కేనికి తగిలిస్తే పనైపోతుంది. చవక ఓటీజీకి హింజ్ విడిగా దొరక్కపోతే మూడు రోజులు తిరగకండి, ఆటో ఖర్చే ఎక్కువవుతుంది.

పాత హింజ్‌లను పాత సామాన్లవాడికి వేసేటప్పుడు కొక్కెం చెయ్యి ముడుచుకుని ఉన్న స్థితిలోనే ఇవ్వండి. లాక్ పడి తెరిచి ఉన్నదాన్ని అలాగే ఇస్తే, సంచీలో చెయ్యి పెట్టినవాళ్ల వేళ్లు పోతాయి. దాన్ని నేల మీద పెట్టి, దూరం నుంచి పొడవాటి స్క్రూ డ్రైవర్‌తో క్లిప్ తప్పించవచ్చుగానీ అది ఎగిరి ఎటు పడుతుందో చెప్పలేం. నేను ఎస్పీ రోడ్డుకు ఇంకో పని మీద వెళ్లినప్పుడు కుడివైపుది ఆ షాపాయన చేతికే ఇచ్చాను. వైస్‌లో పెట్టి ఒక్క నిమిషంలో మూసేశాడు.